పన్నెండు నిమిషాల ఇంగ్లీషు: పరిశోధన ప్రసంగం ఎక్కడ తడబడుతుంది, ఎందుకు

అమెరికన్ ఫిజికల్ సొసైటీ మార్చి సమావేశాల్లో మామూలు పరిశోధకుడి ప్రసంగానికి దక్కేది 10 నిమిషాలు, ప్రశ్నలకు మరో 2. చాలా అంతర్జాతీయ సదస్సుల్లో ఇది 12 నిమిషాలు, ప్రశ్నలకు 3. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళు నిమిషానికి 150 మాటల దాకా అలవోకగా మాట్లాడతారు. ఇంట్లో, లాబ్‌లో తెలుగే మాట్లాడుతూ సెమినార్లకు మాత్రమే ఇంగ్లీషు బయటికి తీసేవాళ్ళకి 100 నుంచి 120 మాటలు సుఖమైన వేగం. ఆ లెక్కన 12 నిమిషాలకి 1200 నుంచి 1440 మాటలు వస్తాయి. నాలుగైదేళ్ళ పని అందులో ఇమడాలి. ఈ లెక్క ముందే వేసుకోని ప్రసంగం దాదాపు ఎప్పుడూ ఒకేలా ముగుస్తుంది: తొమ్మిదో నిమిషం దాకా నేపథ్యం, పదో నిమిషంలో సభాధ్యక్షుడి హెచ్చరిక, అసలు ఫలితం మీద పరుగు.

ఇలా చెడిన ప్రసంగానికి బయటికొచ్చాక చెప్పుకునే కారణం మాత్రం వేరేగా ఉంటుంది. 'ఇంగ్లీషు సరిగా రాలేదు' అంటారు. భాష భయం చిన్నదేమీ కాదు. 2023లో తత్సుయా అమానో బృందం ఎనిమిది దేశాల్లోని 908 మంది పర్యావరణ శాస్త్రజ్ఞులను అడిగి ప్లాస్ బయాలజీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం చూస్తే, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి చదవడం, రాయడం, ప్రసంగానికి సిద్ధం కావడం అన్నిటికీ ఎక్కువ శ్రమ పడుతోంది. భాష కారణంగా సదస్సులకి వెళ్ళడం, అక్కడ మాట్లాడటం మానుకునేవాళ్ళూ ఉన్నారు. 2008లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొషిహిదే మస్కవా తన నోబెల్ ఉపన్యాసాన్ని జపనీస్‌లోనే ఇచ్చాడు. నోబెల్ వస్తే ఆ వెసులుబాటు ఉంటుంది. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం, వెతుక్కునేవాళ్ళకి ఉండదు.

అయితే వినేవాళ్ళ వైపు నుంచి చూస్తే సంగతి మారుతుంది. అంతర్జాతీయ సదస్సు హాలులో చాలామందికి ఇంగ్లీషు రెండో భాషే. కొరియా నుంచి వచ్చినావిడ, బ్రెజిల్ నుంచి వచ్చినాయన క్రియాపదం తప్పు పోయిందా లేదా అని చూడరు. మధ్యలో నాలుగు మాటలు జారిపోయినా దారి దొరుకుతుందా అన్నదే వాళ్ళకి కావలసింది. కాబట్టి పరాయి భాషలో ఇచ్చే శాస్త్ర ప్రసంగానికి ప్రధాన సూత్రం ఒకటే: ముఖ్యమైన ప్రతి సంగతీ చెవి నుంచీ కంటి నుంచీ రెండు దారుల్లో చేరాలి. ఒక దారి మూసుకుపోయినా రెండోది తెరిచి ఉండాలి. స్లయిడ్ల తయారీ, వాక్యాల పొడవు, ఉచ్చారణలో ఏది దిద్దుకోవాలి, ఏది వదిలెయ్యొచ్చు అన్నవన్నీ ఇక్కణ్ణుంచే తేలతాయి.

మొదటి అర నిమిషం

ఉదాహరణకి నల్లగొండ జిల్లా బోరు నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేసే ఒక కొత్త పొడి మీద పరిశోధన అనుకుందాం. మన కాలేజీల్లో అలవాటైన ఆరంభం 'గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్ ప్రెజెంట్ హియర్'తో మొదలై, పేరు, గైడు పేరు, విశ్వవిద్యాలయం పేరు, తెర మీద ఉన్న శీర్షిక మళ్ళీ పూర్తిగా చదవడం, ఆ తర్వాత విషయ సూచిక స్లయిడు. వీటిలో చాలావరకు అధ్యక్షుడు అప్పటికే చదివేశాడు. 12 నిమిషాల ప్రసంగానికి విషయ సూచిక అక్కర్లేదు కూడా. పలకరింపు ఒక్క ముక్కలో చాలు.

దాని బదులు నాలుగు వాక్యాలు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మేం నమూనాలు తీసిన ఊళ్ళలో అంతకన్నా ఎక్కువ ఉంది. ఈ పొడి అరగంటలో దాన్ని ఆ హద్దు కిందికి దింపుతోంది. అదెలా జరుగుతోందో, ఎన్నిసార్లు వాడాక పొడి పని చెయ్యడం మానేస్తుందో ఇప్పుడు చెప్తాను. ఇంగ్లీషులో ఇది అరవై మాటలకి కాస్త అటూ ఇటూ, అర నిమిషం. ఫలితం మూడో వాక్యంలోనే వచ్చేసింది. ఆ తర్వాత ఎక్కడ చూపు తప్పినా శ్రోతకి ఎటు పోతున్నామో తెలుసు.

నల్లగొండ ఎక్కడుందో చూపడానికి మాటలు ఖర్చు పెట్టకుండా, పటం మీద ఒక చుక్క పెడితే సరిపోతుంది. నీటిశుద్ధి రంగంలోవాళ్ళకి ఆ పేరు కొత్త కాకపోవచ్చు కూడా: నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన పటిక, సున్నం పద్ధతి బయటి దేశాల్లోనూ నల్గొండ టెక్నిక్ పేరుతోనే తెలుసు.

ఈ నాలుగు వాక్యాలనూ, ముగింపులో చెప్పే రెండు మూడు వాక్యాలనూ కంఠతా పట్టాలి. గుండె దడదడలాడే మొదటి అర నిమిషం నోరు దానంతట అది నడవాలి. మధ్య భాగాన్ని మాత్రం బట్టీ పట్టకూడదు. బట్టీ పట్టిన వాక్యంలో ఒక మాట గుర్తు రాకపోతే తర్వాతి మాట కూడా రాదు. మాతృభాషలో అయితే పక్క దారి వెంటనే దొరుకుతుంది, పరాయి భాషలో దొరకదు. మధ్య భాగానికి గుర్తుండాల్సింది స్లయిడుకీ స్లయిడుకీ మధ్య వాక్యం: 'పొడి పనిచేస్తోందని చూశాం, ఇప్పుడు ఎన్నిసార్లు పనిచేస్తుందో చూద్దాం' లాంటిది. మాట్లాడేవాళ్ళు నీళ్ళు నమిలేది ఎక్కువగా ఈ కీళ్ళ దగ్గరే. ఆ ఒక్కో వాక్యాన్నీ రాసి నోట్స్‌లో పెట్టుకుంటే చాలు.

స్క్రిప్టు పూర్తిగా రాసుకోవడం మంచిదే, చూసి చదవనంత వరకు. తెలుగులో రాసి ఇంగ్లీషులోకి మార్చే పద్ధతి మాత్రం నష్టం చేస్తుంది. 'బోర్ల నుంచి తెచ్చిన నీళ్ళలో పొడి వేసి అరగంట కలియబెట్టి వడకట్టగా వచ్చిన నమూనాల్లో మిగిలిన ఫ్లోరైడ్' అని తెలుగులో హాయిగా అనొచ్చు. విశేషణాలన్నీ నామవాచకం ముందు బారులు తీరుతాయి, క్రియ చివర్లో వస్తుంది. దీన్ని అలాగే ఇంగ్లీషులో పెట్టబోతే విచ్‌ల మీద విచ్‌లు పడి, ముప్ఫై మాటలు దాటినా వాక్యం తెగదు. చెప్పేవాళ్ళకే మొదలు మర్చిపోయేంత పొడవు. విడగొట్టుకుంటే ఇంతే: 'వియ్ టుక్ వాటర్ ఫ్రమ్ బోర్‌వెల్స్. వియ్ యాడెడ్ ద పౌడర్. వియ్ స్టర్డ్ ఇట్ ఫర్ థర్టీ మినిట్స్. దెన్ వియ్ ఫిల్టర్డ్ ఇట్, అండ్ మెజర్డ్ ద ఫ్లోరైడ్.' పేపర్లో ఇలా రాస్తే చిన్నపిల్లల భాషలా కనిపిస్తుంది. చెవికి మాత్రం ఇదే సరైన భాష. ఒక వాక్యానికి పదిహేను మాటలు దాటితే అనుమానించాలి.

ఈ మధ్య స్క్రిప్టును చాట్‌బాట్ చేత రాయించుకోవడం మామూలైపోయింది. అందులో వ్యాకరణం తప్పులు పెద్దగా ఉండవు, చిక్కల్లా అవి నోటికి పట్టని మాటలు కావడమే. గట్టిగా చదివితే తేలిపోతుంది: ఎక్కడ నాలుక రెండుసార్లు తట్టుకుందో ఆ మాట కొట్టేసి, ఎప్పుడూ వాడే మాట పెట్టుకోవాలి. ఇది వద్దనుకుంటే ఆ స్క్రిప్టు పనికిరాదు.

తెర చెయ్యాల్సిన పని

పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీర్లకి ప్రసంగ విద్య నేర్పిన మైకేల్ ఆలీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది: స్లయిడు నెత్తిన అంశం పేరు కాకుండా పూర్తి వాక్యం ఉండాలి, కింద బుల్లెట్ల బదులు ఆ వాక్యానికి రుజువైన బొమ్మ ఉండాలి. ఇంగ్లీషు ఇంటి భాష అయినవాళ్ళకి ఇది మంచి అలవాటు. పరాయి భాషలో మాట్లాడేవాళ్ళకి తప్పనిసరి. 'ఫ్లోరైడ్ రిమూవల్ రిజల్ట్స్' అని రాస్తే, ఆ ఫలితమేమిటో నోటితోనే చెప్పాలి. ఆ ఒక్క వాక్యం మైకులో కలిసిపోతే స్లయిడంతా వృథా. 'పొడి అరగంటలో ఫ్లోరైడ్‌ని 1.5 కిందికి దింపింది' అని ఇంగ్లీషులో రాస్తే, మాట జారినా తెర పట్టుకుంటుంది. మాట్లాడేవాళ్ళకీ అదే ఊతం: మాట తడబడినప్పుడు శీర్షిక వంక చూసి అదే అనేస్తే చాలు. శీర్షిక రెండు వరుసలు మించకూడదు, అక్షరాలు 28 పాయింట్లు, మిగతా ఏ అక్షరమూ 20కి తగ్గకూడదు. పేపర్‌లోని గ్రాఫును అలాగే అతికిస్తే ఇరుసుల మీది అంకెలు వెనక వరుసకి కనపడవు. దాన్ని మళ్ళీ గీయాల్సిందే.

గ్రాఫు చదివి చెప్పడంలోనే అసలు నేర్పు ఉంది. చాలామంది గ్రాఫు పడగానే 'యాజ్ యూ కెన్ సీ' అంటారు. శ్రోత అప్పటికింకా ఏమీ చూడలేదు, ఇరుసుల పేర్లు వెతుక్కుంటున్నాడు. క్రమం ఇలా ఉండాలి. ముందు అడ్డ ఇరుసు: సమయం, నిమిషాల్లో. తర్వాత నిలువు ఇరుసు: నీళ్ళలో మిగిలిన ఫ్లోరైడ్, లీటరుకి మిల్లీగ్రాముల్లో. ఆపైన రంగులు: నీలం మా పొడి, నారింజ మామూలు పటిక. చివరికి చూడవలసిన చోటు: నీలం గీత 30 దగ్గర, 1.5 హద్దు చూపే ఈ చుక్కల గీత కిందికి దిగింది. నాలుగు చిన్న వాక్యాలకి పాతిక సెకన్లు పడుతుంది. ఈ నాలుగింటికీ ఇంగ్లీషు ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది కాబట్టి ఒకసారి నోటికి పడితే అన్ని గ్రాఫులకీ పనికొస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టకపోవడం మేలు; ఆ రెండు రంగుల తేడా తెలియని మగవాళ్ళు ఏ హాల్లోనైనా కొందరుంటారు. రంగు పేరు చెప్పినా, గీత పక్కనే దాని పేరు రాసి ఉంటే ఇంకా నయం.

అంకెల దగ్గర మనవాళ్ళకి ప్రత్యేకంగా మూడు గోతులున్నాయి. ఒకటి లక్ష. 'టూ ల్యాక్ లీటర్స్' అన్నది భారత ఉపఖండం దాటాక ఎవరికీ అర్థం కాదు. రెండు వందల వేలు అనాలి. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు. మాట్లాడుతూ ఈ మార్పిడి చెయ్యబోతే తప్పు ఖాయం కనక ముందే రాసిపెట్టుకోవాలి, తెర మీద కామాలు కూడా 200,000 అనే ఉండాలి. రెండోది 13, 30 జంట. థర్టీన్‌లో ఊనిక, అంటే ఒత్తి పలకడం, చివర పడుతుంది, థర్టీలో మొదట. చివరి నకారాన్ని మైకు మింగేస్తే రెండూ ఒకటే. 15, 50 కూడా అంతే. ఆ అంకె తెర మీద పెద్దగా ఉండాలి, నోటితో 'వన్ త్రీ' అని విడదీసి ఒకసారి అనాలి. మూడోది దశాంశాలు: 3.14ను త్రీ పాయింట్ వన్ ఫోర్ అనాలి. పాయింట్ ఫోర్టీన్ అంటే కొందరికి 3.2 కన్నా పెద్దదన్న భ్రమ కలుగుతుంది. జర్మనీ, ఫ్రాన్సుల్లో దశాంశానికి బిందువు బదులు కామా వాడతారని గుర్తుంటే, అక్కడివాళ్ళు అంకెల దగ్గర మొహం చిట్లించడం ఎందుకో తెలుస్తుంది.

చివరి స్లయిడు 'థాంక్యూ' అయితే ప్రశ్నలు నడిచే ఆ మూడు నిమిషాలూ తెర మీద పువ్వుల బొమ్మే ఉంటుంది. మూడు ఫలితాలు, ముఖ్యమైన గ్రాఫు ఉన్న స్లయిడునే నిలబెట్టాలి. ప్రశ్న అడిగేవాళ్ళు దాన్ని చూసే అడుగుతారు, కాబట్టి ప్రశ్న అర్థం చేసుకోవడమూ తేలికవుతుంది.

నోటికి సంబంధించినవి

యాస మార్చుకోవాలనుకోవడం వృథా శ్రమ. ఇంగ్లీషు అంతర్జాతీయ భాషగా నడిచేచోట ఏ ధ్వనులు నిజంగా అవసరమో జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో ఒక జాబితా ప్రతిపాదించింది. దాని ప్రకారం 'దిస్', 'థింక్'లలోని ఇంగ్లీషు మొదటి ధ్వని తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. మన ద, థలతో సరిపోతుంది. అవసరమైనవాటిలో అచ్చుల హ్రస్వ దీర్ఘాల తేడా, వాక్యంలో ముఖ్యమైన మాటను ఒత్తి పలకడం ఉన్నాయి. హ్రస్వ దీర్ఘాలు తెలుగువాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చినవే, ఫిల్‌కీ ఫీల్‌కీ తేడా కష్టం కాదు. వాక్యంలో ఒత్తు మాత్రం సాధన చెయ్యాలి. మన మాట తీరులో అన్ని అక్షరాలూ దాదాపు ఒకే బరువుతో దొర్లిపోతాయి. స్క్రిప్టులో వాక్యానికి ఒక్క మాట కింద గీత గీసి, అక్కడ గొంతు పెంచి, దాని తర్వాత ఒక క్షణం ఆగితే తేడా వెంటనే వినిపిస్తుంది.

మాటలోపలి ఊనిక ఎంత అవసరమో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ అమెరికన్, బ్రిటిష్ చెవులు దాని మీద బాగా ఆధారపడతాయి. రోజూ వాడే పారామీటర్, కాంపొనెంట్, హైపోథెసిస్, అనాలిసిస్, ఎఫిషియెంట్ అన్నిటిలోనూ అది రెండో అక్షరం మీద పడుతుంది, మనం మొదటి దాని మీద వేస్తాం. అదే అనలిటికల్ అనేసరికి మూడో దానికి జరుగుతుంది. సొంత రంగంలో పదే పదే వచ్చే ఇరవై మాటలు రాసుకుని, ఆన్‌లైన్ నిఘంటువులో వినిపించుకుని, ఒత్తాల్సిన అక్షరం నెత్తిన చుక్క పెట్టుకుంటే చాలు. భాషంతా బాగుచెయ్యక్కర్లేదు.

మిగిలినవాటిలో దిద్దుకోదగ్గవి నాలుగే. హల్లుతో ఆగాల్సిన మాట చివర ఉకారం చేర్చడం: టెస్టు, రిజల్టు. ఇది మాటకి ఒక అక్షరం పెంచి పక్క మాటతో కలిపేస్తుంది. ఎ ముందు యకారం: యెర్రర్, యెనర్జీ. జీరో, జింక్, ఎంజైమ్‌లలో మన జ. అక్కడ స పలుకుతూ గొంతు మోగిస్తే కావలసిన ధ్వని వస్తుంది. ఇక వేవ్ అన్న మాటలో రెండు వేర్వేరు వకారాలున్నాయి: మొదటిదానికి పెదవులు సున్నాలా చుట్టాలి, రెండోదానికి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. వాల్యూమ్, వెయిట్ పక్కపక్కన వచ్చే ప్రసంగాల్లో ఈ ఒక్క తేడా చాలా పని చేస్తుంది.

పరీక్షించుకోవడానికి పవర్‌పాయింట్‌లోని సబ్‌టైటిల్స్ బాగా ఉపయోగపడతాయి. స్లయిడ్ షో ట్యాబ్‌లో దాన్ని ఆన్ చేసి ప్రసంగం మొత్తం మూడుసార్లు ఇచ్చి, తెర కింద ఏ మాటలు వికృతంగా పడుతున్నాయో రాసుకోవాలి. ఒకే మాట మూడుసార్లూ తప్పుగా పడితే దాన్ని సాధన చెయ్యాలి, లేదా మార్చాలి. యంత్రానికి అర్థం కాని ప్రతి మాటా మనుషులకి అర్థం కాదని మాత్రం అనుకోనక్కర్లేదు. రసాయనాల పేర్లు దానికి ఎవరు పలికినా రావు.

రిహార్సల్ నిలబడి, గట్టిగా, గడియారం పెట్టుకుని చెయ్యాలి. కుర్చీలో కూర్చుని మనసులో చదువుకుంటే 12 నిమిషాల ప్రసంగం 8లో అయిపోతుంది. ఆ లెక్క నమ్మి స్లయిడ్లు పెంచినవాళ్ళు వేదిక మీద దొరికిపోతారు. 12 నిమిషాల గడువుకి రిహార్సల్‌లో 10న్నర దగ్గర ముగియాలి. మాట వెతుక్కోవడానికీ, క్లిక్కర్ మొరాయించడానికీ ఆ మిగులు కావాలి. ఎనిమిదో నిమిషానికి ఏ స్లయిడు మీద ఉండాలో గుర్తు పెట్టుకుని, వెనకబడితే ఏది దాటెయ్యాలో ముందే తేల్చుకోవాలి. అప్పటికప్పుడు తేల్చుకోబోతే తెలుగులో ఆలోచన, ఇంగ్లీషులో మాట రెండూ ఒకేసారి నడవవు. వినడానికి తెలుగు రాని ఒకరిని కూర్చోబెట్టడం మంచిది. తెలుగువాళ్ళకి తెలుగు ఇంగ్లీషు ఎప్పుడూ అర్థమవుతుంది, అందుకే వాళ్ళ మెప్పు లెక్కలోకి రాదు.

ప్రశ్నలు

రిహార్సల్ సమయంలో మూడో వంతు దీనికే పోవాలి. ఇక్కడ స్క్రిప్టు ఉండదు, అడిగేవాళ్ళు నిదానించరు. కానీ ప్రశ్నలు అనుకున్నంత అనూహ్యంగా కూడా ఉండవు. నమూనాలెన్ని, కంట్రోల్ (పోలిక కోసం మార్పేమీ లేకుండా చేసే ప్రయోగం) ఏమిటి, ఫలానా పద్ధతి ఎందుకు వాడలేదు, ఇంతకు ముందు వచ్చిన పనికీ దీనికీ తేడా ఏమిటి, పెద్ద ఎత్తున చేస్తే ఖర్చెంత: ఏ రంగంలోనైనా ఓ పది ప్రశ్నలు ఇలా తిరుగుతూనే ఉంటాయి. ఒక్కోదానికి రెండు వాక్యాల జవాబు రాసుకుని, చివరి స్లయిడు తర్వాత ఐదారు అదనపు స్లయిడ్లు దాచుకుంటే, మాట చాలనిచోట బొమ్మ చూపించొచ్చు.

ప్రశ్న అర్థం కాకపోతే 'పార్డన్' అంటే అడిగినాయన అదే వాక్యం అదే వేగంతో మళ్ళీ అంటాడు. ఏ ముక్క జారిందో చెప్పాలి: 'సారీ, ఐ మిస్డ్ ద సెకండ్ పార్ట్' లేదా 'విచ్ స్లయిడ్ ప్లీజ్?' స్లయిడు నంబరు వేసి ఉంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. అర్థమైనా సరే, 'యూ ఆర్ ఆస్కింగ్ వెదర్...' అని సొంత మాటల్లో తిప్పి చెప్పడం మంచిది. తప్పుగా విని ఉంటే అప్పుడే బయటపడుతుంది, హాలు మొత్తానికి ప్రశ్న వినిపిస్తుంది, ఆలోచనకి ఐదారు సెకన్లు దొరుకుతాయి.

వ్యతిరేకార్థంలో అడిగే ప్రశ్న మాత్రం తెలుగువాళ్ళకి నిజమైన ఉచ్చు. 'డిడ్‌న్ట్ యూ రన్ ఎ కంట్రోల్?' అని అడుగుతారు. 'మీరు కంట్రోల్ పెట్టలేదా?' అంటే తెలుగులో 'అవును, పెట్టలేదు' అనడం సహజం. ఆ అవునే 'యెస్' అయి బయటికొస్తే, పెట్టామని చెప్పినట్టు హాలంతా నమోదు చేసుకుంటుంది. భాష తడబాటు కాస్తా శాస్త్రంలో తప్పు ప్రకటన అయిపోతుంది. ఇలాంటి ప్రశ్నలకి యెస్, నో రెండూ వదిలేసి పూర్తి వాక్యం చెప్పాలి: 'వియ్ డిడ్ నాట్ రన్ ఎ కంట్రోల్ ఫర్ దిస్ సెట్.' తల ఊపడంతోనూ ఇదే చిక్కు. ఒప్పుకుంటూ మనం తలను అటూ ఇటూ ఆడించే తీరు చాలా దేశాలవాళ్ళకి కాదన్నట్టు కనిపిస్తుంది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో ప్రసంగం అయ్యాక చప్పట్ల బదులు బల్ల మీద వేళ్ళ కణుపులతో కొడతారు, అది మెచ్చుకోలే, కంగారు పడక్కర్లేదు.

తెలియనిదానికి 'వియ్ హావ్ నాట్ టెస్టెడ్ దట్' అని ఆగిపోవడం మంచి జవాబు. ఆగలేక దాని వెనక కారణాలు చెప్పుకుంటూ పోతేనే వాక్యం చేతుల్లోంచి జారిపోతుంది. అడిగినవన్నీ గుర్తుంచుకోవడం మాట్లాడేవాళ్ళ వల్ల కాదు, పరాయి భాషలో అసలే కాదు. కాబట్టి లాబ్ నుంచి వెంట వచ్చినవాళ్ళు ఒకరు ప్రశ్నలనూ, అడిగినవాళ్ళ బ్యాడ్జి మీది పేర్లనూ రాసుకుంటూ ఉండాలి. టీ విరామంలో లాప్‌టాప్‌లో ఆ స్లయిడు తెరిచి వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. ఎదురెదురుగా నిలబడి, గ్రాఫు మీద వేలు పెట్టి మాట్లాడేటప్పుడు ఇద్దరూ నిదానిస్తారు; హాల్లో మూడు నిమిషాల్లో తేలని ప్రశ్న అక్కడ తేలుతుంది.